ప్రపంచ చరిత్ర ఏ ఏట మొదలవుతుంది?

చరిత్రను గురువు దగ్గర నేర్చుకునే విద్యార్థికి పాఠ్యప్రణాళిక కనిపించదు, గురువు కనిపిస్తాడు. ఆయన ఒకచోట ఆగుతాడు, ఒకచోట పరుగెత్తుతాడు. పుస్తకంలో లేని మాట ఒకటి చెపుతాడు, ఉన్న మాటను ఒకదానిని నమ్మవద్దంటాడు. గురువు లేకుండా తనంత తాను పరీక్షకు కూర్చోదలచిన విద్యార్థికి ఈ అండ ఉండదు. అతనికి మిగిలేది ఒక సిలబసు, ఒకటి రెండు పుస్తకాలు, మే నెలలో ఒక తేదీ. ఆ సిలబసు ఎక్కడ మొదలుపెడితే ప్రపంచం అక్కడ మొదలవుతుంది. అది వదిలేసిన వాళ్ళు అతని దృష్టిలో పుట్టనే లేదు. కనుక ఒక చరిత్ర పాఠ్యప్రణాళిక నిజస్వరూపం తెలుసుకోవాలంటే, దానిని స్వయంగా చదువుకునే విద్యార్థి బల్ల దగ్గర నిలబడి చూడాలి.

అమెరికా హైస్కూళ్ళలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే పేరుతో కొన్ని పరీక్షలు జరుగుతున్నవి. హైస్కూలులో ఉండగానే కళాశాల తొలి సంవత్సరపు స్థాయి పాఠం చదివి, పరీక్ష రాసి, 1 నుంచి 5 వరకు ఉండే శ్రేణిలో మంచి అంకె తెచ్చుకుంటే, చాలా కళాశాలలు ఆ మేరకు చదువును లెక్కలో వేసుకుంటవి. ప్రపంచ చరిత్ర ఆ పరీక్షలలో ఒకటి. క్లాసులో కూర్చున్నవారే రాయాలనే నిబంధన లేదు. తమ బడిలో ఆ కోర్సు లేనివారు, ఉన్నా అందులో చోటు దొరకనివారు, ఇంట్లోనే చదువుకొని రాస్తారు. పదిహేను, పదహారేళ్ళ పిల్లలు వీరు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ ఈ పరీక్షలు రాస్తున్నారు. వారి చేతికి అందే ప్రపంచం ఏది అనే ప్రశ్న మనకు పరాయి ప్రశ్న ఏమీ కాదు.

ఈ పరీక్ష పుట్టుకను మొదట చూడాలి. 1950ల తొలి సంవత్సరాలలో ఫోర్డ్ ఫౌండేషన్ నెలకొల్పిన నిధి సహాయంతో ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్ అనే మూడు ప్రైవేటు పాఠశాలలూ, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ అనే మూడు విశ్వవిద్యాలయాలూ కలిసి ఒక విచారణ జరిపాయి. హైస్కూలు చివరి తరగతుల్లోనూ కళాశాల మొదటి తరగతుల్లోనూ ఒకే పాఠం రెండుసార్లు చదవటం దండుగ అని తేల్చాయి. 1955లో కాలేజీ బోర్డు అనే సంస్థ ఈ పనిని చేతిలోకి తీసుకున్నది; 1956లో మొదటి పరీక్షలు జరిగాయి. ధనవంతుల బిడ్డలు చదివే బడులలో, వారి కాలం వృథా కాకూడదనే ఆలోచనతో మొదలైన ఏర్పాటు ఇది. తర్వాతి దశాబ్దాలలో ఇది సామాన్య బడులకూ వ్యాపించింది. వ్యాపించటం మంచిదే. కాని పుట్టిన ఇంటి వాసన అంత తొందరగా పోదు.

ఆ తొలి పరీక్షల్లోనే అమెరికా చరిత్రకూ, యూరప్ చరిత్రకూ చోటు దొరికింది. ప్రపంచానికి దొరకలేదు. ప్రపంచ చరిత్ర పరీక్ష మొదటిసారి జరిగింది 2002లో. అంటే 46 సంవత్సరాలపాటు యూరప్ చరిత్రే ప్రపంచ చరిత్రకు బదులుగా చెల్లిపోయింది. ఈ మార్పు దానంతట అది రాలేదు. ఆసియా, ఆఫ్రికా దేశాలు ఒకటొకటిగా వలసపాలన నుంచి బయటపడుతున్న కాలంలో, చరిత్రను దేశాలవారీగా, జాతులవారీగా కాక మానవజాతి పరస్పర సంబంధాల కథగా చూడాలనే వాదం బలపడింది. 1963లో విలియం మెక్‌నీల్ తన పెద్ద గ్రంథాన్ని ప్రకటించాడు. దాని పేరులో ఇంకా పశ్చిమ దేశాల ఉత్థానమే ఉన్నా, లోపల నాగరికతల మధ్య ఇచ్చిపుచ్చుకోవటమే ప్రధాన విషయం. మార్షల్ హాడ్జ్‌సన్, స్టావ్రియానోస్ వంటివారు మరో అడుగు ముందుకు వేశారు. 1982లో ప్రపంచ చరిత్ర బోధకులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. దీనికి ప్రతిఘటన లేకపోలేదు. దేశవ్యాప్తంగా చరిత్ర బోధనకు తయారుచేసిన ప్రమాణాలను 1995 జనవరిలో అమెరికా సెనేటు 99 ఓట్లకు ఒక ఓటుగా నిరసించింది. ఒక దేశపు శాసనసభ చరిత్ర పాఠం మీద ఓటు వేసిందంటే, చరిత్ర పాఠం అమాయకమైన వస్తువు కాదని పాలకులకు బాగా తెలుసునన్నమాట.

2002లో సుమారు 21 వేలమంది ఆ పరీక్ష రాశారు. 2018 నాటికి రాసేవారి సంఖ్య 3 లక్షలు దాటింది. సరిగా ఆ సంవత్సరమే అసలు తగాదా వచ్చింది. అప్పటివరకూ ఆ కోర్సు వ్యవసాయం పుట్టకముందు నుంచి నేటివరకూ మానవచరిత్రనంతా తీసుకునేది. ఇంత సాగరాన్ని ఒక విద్యాసంవత్సరంలో ఈదటం అసాధ్యమని, ఇకమీదట పరీక్ష 1450 నుంచి మాత్రమే ఉంటుందని 2018 మే నెలలో కాలేజీ బోర్డు ప్రకటించింది. ఉపాధ్యాయులూ విద్యార్థులూ లేచారు. జూన్‌లో సాల్ట్ లేక్ సిటీలో జరిగిన బహిరంగ సమావేశంలో అధికారులను నిలదీశారు. అమెరికన్ చరిత్రకారుల సంఘం పునరాలోచించవలసిందని ఉత్తరం రాసింది. జూలైలో బోర్డు కొంత వెనక్కు తగ్గి, 1450కి బదులు 1200 నుంచి మొదలుపెడతామన్నది. 2019-20 విద్యాసంవత్సరం నుంచి ఆ కోర్సు పేరు పక్కన ‘ఆధునిక’ అనే మాట చేరింది.

ఇది కేవలం 250 ఏళ్ళ బేరం అనుకునేవారు ఉండవచ్చు. ఆ బేరంలో ఎవరి బతుకులు ఉన్నవో చూడాలి. 1450 తర్వాత నలభై రెండేళ్ళకు కొలంబస్ పడమటి సముద్రం దాటాడు. నలభై ఎనిమిదేళ్ళకు వాస్కో డ గామా కోజికోడ్ తీరానికి చేరాడు. అక్కడ తెర లేపితే రంగస్థలం మీదికి మొదట నడిచివచ్చేది యూరప్ నావికుడే. భారతీయుడు, ఆఫ్రికావాడు, అమెరికా ఆదివాసి ఆ నావికుడి కంట పడినప్పుడు మాత్రమే చరిత్రలో కాలు పెడతారు. అదీ ఓడిపోవటానికి సిద్ధంగా! 1200 నుంచి మొదలుపెడితే దృశ్యం మారుతుంది. మంగోలుల సామ్రాజ్యం వస్తుంది. 1324లో మక్కా యాత్రకు వెళ్ళిన మాలీ చక్రవర్తి మన్సా మూసా వస్తాడు. 1325లో ఇల్లు వదిలిన ఇబన్ బతూతా వస్తాడు. 1405 నుంచి 1433 వరకు హిందూమహాసముద్రంలో తిరిగిన చైనా నౌకాదళం వస్తుంది. 1336లో స్థాపితమైందని చెప్పే మన విజయనగరం ఆ సిలబసు ఉదాహరణల్లో పేరుతో సహా ఉన్నది. యూరప్‌వాడు రాకముందే ఒక ప్రపంచం ఉన్నదనీ, ఆ ప్రపంచానికి మార్కెట్లూ, ఓడరేవులూ, హుండీలూ ఉన్నవనీ విద్యార్థికి తెలుస్తుంది. కనుక 2018లో పోరాడినవారు సాధించినది తక్కువేమీ కాదు.

ఐతే సాధించనిది ఇంకా పెద్దది. 1200వ సంవత్సరంలో తెర లేచేటప్పటికి రాజు సింహాసనం మీద కూర్చునే ఉన్నాడు. పన్ను వసూలు అవుతూనే ఉన్నది. బానిస సంతలో నిలబడే ఉన్నాడు. కులం ఉన్నది, స్త్రీ మీద పురుషుడి పెత్తనం ఉన్నది, మఠాలకూ మసీదులకూ చర్చీలకూ భూములు ఉన్నవి. ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చినవి? ఎప్పుడు లేవు? మనిషి వేల సంవత్సరాలపాటు రాజు లేకుండా ఎలా బతికాడు? మిగులు ధాన్యం గాదెలోకి చేరటం, ఆ గాదెకు కాపలావాడు రావటం, కాపలావాడు యజమాని కావటం అనే మహాపరిణామం ఆ పదివేల ఏళ్ళలోనే జరిగింది. పరీక్ష కత్తిరించివేసింది సరిగా ఆ భాగాన్నే. పుట్టుక తెలియని వ్యవస్థ శాశ్వతమైనదిగా కనపడుతుంది. మొదలు ఉన్నదని తెలిస్తేనే తుది ఉండవచ్చుననే ఊహ కలుగుతుంది. గార్డన్ చైల్డ్ 1936లో, 1942లో సామాన్యపాఠకుల కోసం రాసిన రెండు చిన్న పుస్తకాలు చదివినవారికీ, 1956లో వచ్చిన కోశాంబి గ్రంథం చదివినవారికీ ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

బోర్డు వాదనలో నిజం లేదనటం న్యాయం కాదు. పది నెలల్లో పదివేల ఏళ్ళు చెప్పటమంటే ఏదీ చెప్పకపోవటమే అన్న ఉపాధ్యాయులు సోమరులు కారు. క్లాసుకు గంట ఉంటుంది, గంట కొడితే పాఠం ఆగుతుంది. కాని స్వయంగా చదివే విద్యార్థికి గంట లేదు. తరగతి గదికి సాధ్యం కానిది అతనికి సాధ్యం. గురువు లేకపోవటం అతనికి నష్టమే. బడి గంట లేకపోవటం లాభం. ఈ లాభాన్ని అతను వాడుకుంటున్నాడా అనేదే అసలు ప్రశ్న.

సాధారణంగా వాడుకోడు. కారణం పరీక్ష స్వరూపంలో ఉన్నది. మొత్తం 3 గంటల 15 నిమిషాలు. 55 నిమిషాల్లో 55 బహుళైచ్ఛిక ప్రశ్నలు. వాటికి నూటికి 40 పాలు. 40 నిమిషాల్లో మూడు చిన్న సమాధానాలు; 20 పాలు. ఏడు పత్రాలు ఇచ్చి వాటి ఆధారంగా రాయమనే వ్యాసానికి ఒక గంట, 25 పాలు. స్వతంత్ర వ్యాసానికి 40 నిమిషాలు, 15 పాలు. నిమిషానికి ఒక ప్రశ్న అనగానే విద్యార్థి గుండె దడదడలాడుతుంది. బజారులో దొరికే సంగ్రహ పుస్తకాలు ఆ దడను సొమ్ము చేసుకుంటవి. తొమ్మిది భాగాల సిలబసును పట్టికలుగా కోసి, చక్రవర్తుల పేర్లు, మతాల పేర్లు, సరుకుల పేర్లు గళ్ళలో నింపి ఇస్తవి. మన పరీక్షల గైడ్లకూ వీటికీ అట్ట రంగులోనే తేడా. వీటిని వల్లించినవాడికి పట్టు గురించి తెలుస్తుంది, పట్టుపురుగును పెంచిన స్త్రీ గురించి తెలియదు. పంచదార ఏ దేశం నుంచి ఏ దేశానికి పోయిందో తెలుస్తుంది, చెరకు గానుగ దగ్గర చేతులు నలిగిన బానిస గురించి తెలియదు. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ చదివిన తెలుగు పాఠకుడికి ఈ లోటు కొత్తగా చూపవలసిన పని లేదు.

కాని ఇదే పరీక్షలో, దానిని తయారుచేసినవారు ఎంతవరకు ఆలోచించారో గాని, ఒక పదునైన పనిముట్టు కూడా ఉన్నది. అది పత్రాల ప్రశ్న. 1973లో అమెరికా చరిత్ర పరీక్షలో మొదట ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. ఏడు పత్రాలు ఇస్తారు: ఒక శాసనమో, ఒక యాత్రికుడి వర్ణనో, ఒక అధికారి నివేదికో, ఒక చిత్రమో. విద్యార్థి వాటిని నమ్మి ఎత్తిరాయటం కాదు కావలసింది. రాసినవాడు ఎవడు, ఎవరి కోసం రాశాడు, ఏ పరిస్థితిలో రాశాడు, ఏ ప్రయోజనం కోసం రాశాడు అని అడగాలి. ఆ విచారణకు వేరే మార్కు ఉన్నది. పత్రాలలో లేని ఆధారం ఒకటి తనంత తాను తెస్తే దానికీ మార్కు ఉన్నది. అంటే రాజు మాటను రాజు మాటగా గుర్తించటం నేర్పే ప్రశ్న ఇది. చరిత్ర విద్యలో ఇంతకంటె ప్రజాస్వామికమైన అభ్యాసం మరొకటి లేదు.

ఈ అభ్యాసం ఎలా చేయాలో చూపటానికి మన తీరం నుంచే ఉదాహరణ తీసుకోవచ్చు. సిలబసు రెండో భాగం 1200-1450 మధ్య వర్తకమార్గాలను గురించి. అందులో హిందూమహాసముద్రం ఒక ముఖ్యాంశం. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఆ సముద్రపు రేవులలో ఒకటి. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో ఒక అభయశాసనం వేయించాడు. తుపానులో ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను మాత్రం దయతో, నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోననీ దాని సారాంశం. సంగ్రహ పుస్తకం చదివినవాడు దీనిని ‘ధర్మప్రభువు’ అనే గడిలో వేస్తాడు. నాలుగు ప్రశ్నలు నేర్చినవాడు ఆగుతాడు. రాయించింది రాజు. చదవవలసింది సముద్ర వర్తకులు. పరిస్థితి ఏమిటంటే, దోచుకునే రేవుకు ఓడ రాదు. ఓడ రాకపోతే సుంకం రాదు. దయ అనే మాట వెనుక ఖజానా లెక్క ఉన్నది. అంతమాత్రాన దయ అబద్ధమని అనక్కరలేదు; ఆ లెక్కలోనే దయకు చోటు దొరికిందని గ్రహిస్తే చాలు.

దాని పక్కన రెండో పత్రం పెట్టాలి. మార్కో పోలో 1298 ప్రాంతంలో జెనోవా చెరలో ఉండి తోటి ఖైదీ చేత రాయించిన గ్రంథంలో ముత్ఫిలి రాజ్యం ఉన్నది. అది మోటుపల్లే అని చరిత్రకారులు గుర్తించారు. అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తున్నదనీ, ఆమె చనిపోయిన రాజు భార్య అనీ అతను చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి అనీ, ఆమె గణపతిదేవుడి కుమార్తె అనీ మనకు తెలుసు. ఈ తప్పు ఎందుకు వచ్చింది? స్వయంగా చూసి రాశాడా, రేవుల్లో నావికుల నోట విన్నది రాశాడా? కూతురు సింహాసనం ఎక్కటం కంటె వితంతువు పాలించటం అతని శ్రోతలకు తేలికగా అర్థమవుతుందా? తప్పు ఉన్న పత్రాన్ని పారవేయకుండా ఆ తప్పునే ఆధారంగా చదవటం ఇక్కడ అలవడుతుంది. అతనే ఆ రాజ్యపు సన్నని వస్త్రాలను మెచ్చుకున్నాడు. ఆ బట్ట నేసిన సాలెవాడి పేరు రాజు శాసనంలో లేదు, యాత్రికుడి గ్రంథంలో లేదు. రెండు పత్రాలూ మౌనం వహించిన చోట మూడో ప్రశ్న పుడుతుంది. ఆ మూడో ప్రశ్న వేయగలిగినవాడే చరిత్ర విద్యార్థి.

ఇక ఆ నాలుగు ప్రశ్నలనే సిలబసు మీదికి తిప్పితే ఏమవుతుంది? సిలబసు కూడా ఒక పత్రమే గదా. రాసింది ఎవరు? ఒక బోర్డు. ఎవరి కోసం? కళాశాలలు ఒప్పుకోవటం కోసం. ఏ పరిస్థితిలో? 2018 వివాదం ముగిసిన వెంటనే. ప్రయోజనం? ఒక ఏడాదిలో బోధించి, ఒక పూటలో కొలవగలగటం. ఇలా అడిగిన విద్యార్థికి 1200 అనే అంకె ప్రకృతి పెట్టిన సరిహద్దుగా కనపడదు. ఒక బేరసారంలో కుదిరిన అంకెగా కనపడుతుంది. పరీక్ష తన చేతికి ఇచ్చిన పనిముట్టుతోనే ఆ పరీక్ష హద్దును అతను దాటగలుగుతాడు. గురువు చెప్పిన పాఠాన్ని భక్తితో విన్న విద్యార్థికంటె, ఒంటరిగా కూర్చుని పత్రంతో పోట్లాడిన విద్యార్థికి ఈ అవకాశం ఎక్కువ.

కనుక స్వయంగా చదివేవారు పాటించవలసిన క్రమం కొంత స్పష్టంగా చెప్పవచ్చు. సంగ్రహ పుస్తకం చివరి నెలకు ఉంచుకోవాలి. మొదటి నెల పరీక్షకు అక్కరలేని 1200 పూర్వపు కథకు ఇవ్వాలి. అది దండుగ కాదు, మిగిలిన దానికి పునాది. తర్వాత ప్రతి భాగాన్నీ ఒకే ప్రశ్నతో చదవాలి: ఈ కాలంలో పని ఎవరు చేశారు, ఫలితం ఎవరికి పోయింది? పాత పరీక్షల వ్యాసప్రశ్నలనూ, మార్కులు వేసే పద్ధతినీ, నమూనా సమాధానాలనూ బోర్డు ఉచితంగానే ప్రకటిస్తుంది. వారానికి ఒక పత్రాల వ్యాసం గడియారం ముందు పెట్టుకొని రాసి, ఆ కొలతతో తనకు తానే కఠినంగా మార్కులు వేసుకోవాలి. చేతనైతే రాసినదాన్ని మరొకరికి చదివి వినిపించాలి. ఎదుటివాడి మొహంలో సందేహం కనపడిన చోటే వాదనలో బొక్క ఉంటుంది.

ఈ రకమైన చదువుకు మన దేశంలో గొప్ప పూర్వరంగం ఉన్నది. 1930 అక్టోబరు నుంచి 1933 ఆగస్టు వరకు నెహ్రూ జైలునుంచి కుమార్తెకు 196 ఉత్తరాలలో ప్రపంచ చరిత్ర రాశాడు. అవి 1934లో పుస్తకంగా వెలువడటం మొదలైంది. మొదటి ఉత్తరం నాటికి ఆ బాలికకు పదమూడేళ్ళు. రాసినవాడికి గ్రంథాలయం లేదు, చదివేదానికి తరగతి గది లేదు, చివర పరీక్షా లేదు. పొరపాట్లు ఉన్నవి, తొందరపాటు ఉన్నది. ఐనా చైనా, అరేబియా, రష్యా, మెక్సికో ఒకే కథలో భాగాలని ఆ ఉత్తరాలు నేర్పినవి. దేని నుంచి విముక్తి కావాలో తెలిసినవాడు రాశాడు కనుక నేర్పగలిగినవి.

చివరిగా ఒక మాట. స్వయంకృషి అనే మాటను పొగిడి ఊరుకోవటం సులభం. ఈ పరీక్షకు రుసుము వంద డాలర్లకు దగ్గరగా ఉన్నది. పేద విద్యార్థులకు తగ్గింపు ఉన్నా, అది అడగాలని ముందు తెలియాలి. మే నెల పరీక్షకు అంతకుముందు నవంబరులోనే పేరు ఇవ్వాలి. తమ బడిలో ఆ పరీక్ష జరగకపోతే, జరిపే బడిని వెతుక్కొని, బయటి విద్యార్థిని కూర్చోనిస్తారా అని అడుక్కోవాలి. కోర్సు లేని బడి సాధారణంగా డబ్బు లేని బడి. అంటే గురువు ఎక్కువగా కావలసిన బిడ్డనే గురువు లేకుండా చదువుకోమంటున్నాము. ఆ బిడ్డ పట్టుదలను మెచ్చుకోవలసిందే, కాని ఆ మెప్పు బడికి బదులు కాజాలదు. ప్రపంచ చరిత్ర ఏ ఏట మొదలవుతుంది అనే ప్రశ్నకు బోర్డులు తమ సమాధానాలు చెపుతూనే ఉంటవి. అది ఎవరి చేతులతో మొదలైందో అడిగే విద్యార్థులను తయారుచేయటం మాత్రం బడి పని, ఆ బడిని నిలబెట్టటం సమాజం పని.